గరాజ్‌లో రీలోడింగ్: డిల్లన్ ఎక్స్‌ఎల్ 750 ప్రెస్సుకు ఇంట్లో కట్టిన చేర్పులు, ఒక సమీక్ష

వాడిన ఇత్తడి తొడుగును పారేయకుండా, అందులో కొత్త ప్రైమరు (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ), తుపాకీ మందు, గుండు అమర్చి తిరిగి తూటాగా చేసుకోవడం అమెరికాలో గురి పోటీలకు వెళ్ళేవారిలో చాలామందికి అలవాటైన పని. తూటా పేలినప్పుడు ప్రైమరూ మందూ కాలిపోతాయి, గుండు వెళ్ళిపోతుంది. విడిగా కొనాలంటే అన్నిటికంటె ఖరీదైన తొడుగు మాత్రం షూటింగ్ రేంజి నేల మీద మిగిలిపోతుంది. దాన్ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ నింపుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఎవరి తుపాకీకి నప్పే తూటాను వారే తయారుచేసుకునే వెసులుబాటూ దక్కుతుంది. 2020 తరువాత కొంతకాలం ప్రైమర్లకు కరువు వచ్చి ధరలు బాగా పెరిగినా ఈ అలవాటు పోలేదు. అయితే వెయ్యి తూటాలు కావాలంటే ప్రెస్సు అనే నింపే యంత్రపు మీటను వెయ్యిసార్లు లాగాలి, వెయ్యి తొడుగులూ వెయ్యి గుండ్లూ ఒక్కొక్కటిగా చేత్తో పెట్టాలి. పనిముట్లు తెలిసినవాడు, ముఖ్యంగా ఇంట్లో 3డి ప్రింటరూ, మోటార్లను నడిపించే ఆర్డువినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులూ ఉన్నవాడు, ఈ విసుగును ఎక్కువకాలం భరించడు.

ఉత్తర టెక్సస్‌లో స్థిరపడిన మిత్రుడొకరు, వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరు, తన గరాజ్‌లో ఇలాంటి యంత్రాంగాన్ని విడతలు విడతలుగా కట్టుకున్నారు. ప్రెస్సు మాత్రం కొన్నదే. చుట్టూ ఉన్నవన్నీ ఇంటి తయారీ. దాని మీద ఆయన పక్కన కూర్చుని పనిచేసిన అనుభవంతో, ఏ భాగం కట్టుకోదగ్గదో, దేని జోలికి పోకపోవడం మంచిదో చెప్పడానికే ఈ సమీక్ష. తయారీ కొలతలు గానీ, ఏ తూటాకు ఎంత మందు అన్న లెక్కలు గానీ ఇందులో ఉండవు. మందు లెక్కలకు మందు తయారీదారులు ప్రచురించే పట్టికలే ఆధారం, స్నేహితుల మాట కాదు.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే ఇది చదివే తెలుగువారిలో సగం మందికి ఇక్కడే తలుపు మూసుకుపోతుంది. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు. అమ్మదలచుకుంటే మాత్రం తయారీదారు లైసెన్సు తీసుకోవాలి. కానీ హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీనే కాదు, తూటాలను కూడా దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులున్నా, వాటిని న్యాయవాదితో నిర్ధారించుకోకుండా నమ్ముకోకూడదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. పైగా హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల మహిళల పిస్టల్ పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. దాని నిప్పు మందు తొడుగు అంచులోనే పూసి ఉంటుంది కనుక ఒకసారి పేలిన తొడుగును ఎవరూ తిరిగి నింపరు. కాబట్టి మన దేశపు పిస్టల్ క్రీడాకారులకు కూడా ఈ యంత్రాంగంతో పెద్దగా పని లేదు.

ఇక ప్రెస్సు విషయం. డిల్లన్ ప్రెసిషన్ అరిజోనాలోని స్కాట్స్‌డేల్ కంపెనీ. దాన్ని స్థాపించిన మైక్ డిల్లన్ వృత్తిరీత్యా విమాన పైలట్. రైఫిలు తూటాలు వేగంగా నింపుకోవడానికి తగిన సాధనం లేక, అప్పటికే ఉన్న ఇంకో కంపెనీ పిస్టల్ ప్రెస్సుకు తానే మార్పులు చేసుకుని ఈ వ్యాపారంలోకి వచ్చాడు. అంటే ఈ కంపెనీ మూలంలోనే ఇంటి తయారీ ఉంది. ఎక్స్‌ఎల్ 750 అంతకు ముందున్న ఎక్స్‌ఎల్ 650 స్థానంలో వచ్చినది. గుండ్రని పళ్ళెం మీద ఐదు స్థానాలుంటాయి. మీట లాగి వదిలిన ప్రతిసారీ పళ్ళెం దానంతటదే ఒక స్థానం జరుగుతుంది. మొదటి స్థానంలో తొడుగు అసలు కొలతకు నొక్కబడి పాత ప్రైమరు ఊడుతుంది, రెండో స్థానంలో కొత్త ప్రైమరు కూర్చుని, మందు పడి, మూతి కాస్త విచ్చుకుంటుంది, మూడోది మందు మట్టాన్ని తనిఖీ చేసే చోటు, నాలుగోది గుండు దిగే చోటు, ఐదోది మూతిని బిగించే చోటు. ఐదు స్థానాలూ నిండిన తరువాత ఒక్కో లాగుడుకు ఒక్కో తూటా చొప్పున రాలుతుంది.

పాత 650లో ప్రైమర్లు గుండ్రని బిళ్ళ మీద వచ్చేవి. తొడుగు లేకపోయినా బిళ్ళ తిరిగేది, వాడని ప్రైమరు బయట పడేది. 750లో ఆ బిళ్ళను తీసేసి ముందుకూ వెనక్కూ జరిగే పట్టీని పెట్టారు. వాడకపోతే ప్రైమరు అక్కడే ఆగుతుంది. మందు కొలిచే పరికరం కూడా తొడుగు కింది నుంచి పైకి నెట్టినప్పుడే పనిచేస్తుంది, తొడుగు లేని చోట మందు పడదు. ఇంటి చేర్పులు కట్టదలచినవారికి ఈ రెండు లక్షణాలూ చాలా ముఖ్యం, ఎందుకంటే పైన అమర్చిన యంత్రం ఒక తొడుగును తప్పిపోనిచ్చినా కింద ప్రెస్సు తన పాటికి తాను దాన్ని సర్దుకుంటుంది. పునాది ఇంత మంచిది కనుకనే మిత్రుడి ప్రయోగాల్లో చాలావరకు ప్రమాదం లేకుండా సాగాయి.

ఆయన కట్టినవాటిలో మొదటిదీ, నా దృష్టిలో అన్నిటికంటె మేలైనదీ తొడుగులు అందించే యంత్రం. ఇదే పని చేసే విద్యుత్ పరికరాన్ని డిల్లన్ కూడా అమ్ముతుంది, దానికి కొన్ని వందల డాలర్లు పెట్టాలి. ఇంటి తయారీకి కావలసింది ఒక ప్లాస్టిక్ బకెట్, నెమ్మదిగా తిరిగే గేరు మోటారు, అంచు చుట్టూ గళ్ళు కోసిన ప్రింటెడ్ పళ్ళెం, తొడుగులు దిగడానికి ఒక పారదర్శక గొట్టం. గుప్పెళ్ళతో పోసిన తొడుగులు ఎటుపడితే అటు పడి ఉంటాయి. అవన్నీ అడుగు కిందికి, మూతి పైకి ఉండేలా గొట్టంలోకి దిగాలి. ఆ తెలివి మోటారుది కాదు, తొడుగు ఆకారానిది. అడుగు భాగంలో ఇత్తడి మందంగా ఉంటుంది, మూతి దగ్గర పల్చగా ఉంటుంది. కాబట్టి గట్టు మీద అడ్డంగా ఆగిన తొడుగు బరువున్న వైపుకే ఒరుగుతుంది. ఆ గట్టు ఎక్కడుండాలో సరిగ్గా కుదిరితే ఇంకే సెన్సరూ అక్కరలేదు.

కుదరడమే కష్టం. 9 మి.మీ. పిస్టల్ తొడుగు పొట్టిది, 19 మి.మీ. పొడవే, బరువు తేడా స్వల్పం కనుక పళ్ళెం వేగం కాస్త పెరిగితే తొడుగు ఒరగడానికి వ్యవధి చాలక తలకిందులుగా దిగుతుంది. 45 ఏసీపీ అనే లావుపాటి పిస్టల్ తూటా తొడుగుతో ఈ బెడద బాగా తక్కువ. బకెట్ నిండా పోసినప్పుడు కంటె మూడో వంతు పోసినప్పుడే పళ్ళెం నిలకడగా పనిచేసిందని నా గమనిక. గొట్టం నిండగానే మోటారును ఆపే చిన్న స్విచ్చి తప్పనిసరి. అది లేకపోతే తొడుగులు ఒకదానిమీదొకటి బిగుసుకుంటాయి. చప్పుడు మాత్రం భరించలేనిది, డబ్బాలో చిల్లర పోసి ఆపకుండా గిలకొట్టినట్టు ఉంటుంది. ఇంట్లో పసిపిల్లలుంటే రాత్రి పని మానుకోవలసిందే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రింటింగుకు అందరూ మొదట వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. టెక్సస్ ఎండాకాలంలో తలుపు మూసిన గరాజ్, దానికి తోడు మోటారు వేడి, రెండూ కలిస్తే ఆ హద్దుకు దూరం ఎంతో ఉండదు. మిత్రుడు మోటారు పట్టీలను మొదటినుంచీ వేడిని ఇంకా తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌తోనే ముద్రించారు. అవి ఇప్పటికీ వంగలేదు.

ఈ యంత్రం బాగా పనిచేయాలంటే అందులో పోసే సరుకు శుభ్రంగా, ఒకే రకంగా ఉండాలి. రేంజి నేల మీద ఏరినవాటిలో 9 మి.మీ.తో పాటు 380 ఏసీపీ అనే మరో పిస్టల్ తూటా తొడుగులుంటాయి. అవి 17 మి.మీ. పొడవు మాత్రమే, చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి. 9 మి.మీ. తొడుగు కడుపులో పాయింట్ 22 తొడుగు ఇరుక్కుని రావడం కూడా తరచుగా కనిపిస్తుంది. అది మొదటి స్థానంలో ప్రైమరు ఊడగొట్టే పిన్నుకు ఎదురై పనంతా ఆపేస్తుంది. 45 ఏసీపీలో మరో తలనొప్పి, పెద్ద ప్రైమరు పట్టేవీ చిన్న ప్రైమరు పట్టేవీ రెండు రకాలు ఒకే పేరుతో తిరుగుతుంటాయి. వెడల్పు తేడా ఉన్నవాటిని ఏరడానికి మిత్రుడు గళ్ళున్న జల్లెడ పళ్ళేలను ముద్రించారు. చవకైనది, ఏ వైరూ లేనిది, పొరపాటు లేకుండా పనిచేసేది. నన్నడిగితే యాంత్రీకరణ మొదలుపెట్టవలసింది ఈ జల్లెడల దగ్గర. మోటార్ల వంతు తరువాత.

శుభ్రపరచడం గురించి ఒక మాట. పేలిన తొడుగుల్లోని మసిలో ప్రైమర్ల నుంచి వచ్చిన సీసం ఉంటుంది. పొడి గింజల పొట్టులో దొర్లిస్తే ఆ దుమ్ము గాలిలోకి లేస్తుంది. నీళ్ళూ స్టీలు పిన్నులూ వేసి దొర్లించే పద్ధతిలో దుమ్ము రాదు, ఆ మురికినీటిని మాత్రం జాగ్రత్తగా వదిలించుకోవాలి. మిత్రుడు రెండో పద్ధతిలోనే చేస్తారు, గరాజ్‌లో తినడం తాగడం పూర్తిగా నిషేధం. ఈ నిషేధం పెట్టినది ఆయన శ్రీమతి అని విన్నాను, అమలు చేస్తున్నదీ ఆవిడే.

గుండ్లు అందించే యంత్రం మీద నా అభిప్రాయం మిశ్రమం. సూత్రం తొడుగుల యంత్రానిదే, బకెట్టూ పళ్ళెమూ గొట్టమూ అవే. రాగి పూత ఉన్న గుండ్లు చక్కగా జారుతాయి. గ్రీజు పట్టించిన సీసపు గుండ్లు మాత్రం గొట్టానికి అతుక్కుని, పది దిగిన తరువాత పదకొండోది మొండికేస్తుంది. చేత్తో గుండు పెట్టడానికి పట్టేది ఒక క్షణం. ఆ క్షణంలో కళ్ళు తొడుగు లోపలికి చూస్తాయి, మందు పడిందో లేదో తెలుస్తుంది. యంత్రం ఆ క్షణంతో పాటు ఆ చూపునూ తీసేస్తుంది. కనుక గుండ్ల యంత్రం కట్టేవారు మందు మట్టం తనిఖీని ఐచ్ఛికంగా భావించకూడదు.

ఆ తనిఖీ ఎందుకంత ముఖ్యమో వివరంగా చెప్పాలి. వేగంగా మండే పిస్టల్ మందు చాలాసార్లు తొడుగులో సగం కూడా నిండదు. అంటే పొరపాటున రెండుసార్లు పడినా పైకి పొర్లదు, గుండు మామూలుగానే కూర్చుంటుంది, బయటినుంచి చూసి ఎవరూ పోల్చలేరు. 9 మి.మీ. తూటాకు అమెరికా పరిశ్రమ నిర్ణయించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. రెట్టింపు మందు పడిన తూటా ఆ హద్దును దాటి, పేలేది చేతికి రెండంగుళాల దూరంలో. మందు అసలే పడకపోతే ఇంకో రకం ప్రమాదం: ప్రైమరు ఒక్కటే గుండును తుపాకీ గొట్టం మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది, గమనించకుండా రెండో తూటా పేలిస్తే గొట్టమే చీలిపోవచ్చు. డిల్లన్ అమ్మే తనిఖీ పరికరంలో ఒక కడ్డీ తొడుగులోకి దిగి మట్టాన్ని తాకుతుంది, తేడా ఉంటే బజరు మోగుతుంది. మిత్రుడు దాన్ని అలాగే ఉంచి, దానికి తోడుగా నాలుగో స్థానం మీదికి ఒక ఎల్‌ఈడీ దీపాన్నీ చిన్న కెమెరానూ వంచి పెట్టారు. కూర్చున్నచోటి నుంచే ప్రతి తొడుగు లోపలా ఎదుటి తెర మీద పెద్దదిగా కనిపిస్తుంది. యంత్రాంగం మొత్తంలో అతి తక్కువ శ్రమతో కట్టినది ఇదే, నేను ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేసేదీ ఇదే. కెమెరా లేకపోయినా పరవాలేదు, దీపం ఒక్కటి సరిగ్గా పెట్టుకున్నా చాలా మేలు.

మోటారు దగ్గరికి వచ్చేసరికి ఆయనకూ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. మీటకు బదులు గేరు మోటారుతో నడిచే క్రాంకును అమర్చి, కరెంటు వాడకం ఒక హద్దు దాటగానే ఆర్డువినో మోటారును ఆపేసేలా ఏర్పాటు చేశారు. “భుజం పట్టేస్తోందండీ, ఈ వయసులో ఇన్నిసార్లు లాగడం నావల్ల కాదు” అన్నది ఆయన వాదన. పనితనం చూస్తే మెచ్చుకోక తప్పదు: వెల్డింగు చక్కగా ఉంది, కదిలే భాగాలన్నిటికీ మూతలున్నాయి, ఎర్రటి ఆపే బటను చేతికి అందేచోట ఉంది. అయినా తూటాలు నింపే పనికి ఈ మోటారు వద్దనే నా తీర్పు.

కారణం ప్రైమరులో ఉంది. 750లో ప్రైమరు కూర్చునేది మీటను లాగినప్పుడు కాదు, తిరిగి పైకి తెచ్చి ముందుకు నెట్టినప్పుడు. ఆ నెట్టుడు చివర చేతికి ఒక మెత్తని ఆనిక తగులుతుంది. ప్రైమరు తన గుంటలో అడుగంటా దిగిందన్న సంగతి ఆ ఆనికే చెబుతుంది. గుంటల లోతు ఒక్కో తయారీదారు తొడుగులో కొంచెం తేడాగా ఉంటుంది కనుక చెయ్యి ప్రతిసారీ కొంచెం తేడాగానే నెడుతుంది, ఆ తేడాను మనం లెక్కపెట్టం కూడా. క్రాంకుకు తెలిసినది ఒకే దూరం. ఒక తొడుగులో ప్రైమరును పైకి పొడుచుకుని ఉన్నట్టే వదిలేస్తుంది, ఇంకోదానిలో అదిమేస్తుంది. సైనిక తొడుగుల్లో ప్రైమరు ఊడకుండా గుంట అంచును నొక్కి ఉంచుతారు; ఆ అంచును విప్పకుండా కొత్త ప్రైమరును నెడితే అది నలుగుతుంది, చేతికైతే వెంటనే తెలుస్తుంది. కరెంటు కొలిచే పద్ధతి ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే తొడుగును కొలతకు నొక్కడానికి పట్టే బలంతో పోలిస్తే ప్రైమరు ఎదురు తిరిగే బలం చాలా చిన్నది. మొదటిదానికి సరిపోయేలా హద్దు పెడితే రెండోది దాని కింద కలిసిపోతుంది. రెండోదానికి సరిపోయేలా పెడితే నాలుగు తూటాలకొకసారి యంత్రం ఆగుతుంది.

ప్రైమరు రాపిడికీ దెబ్బకూ పేలడానికే తయారైన వస్తువు. ప్రెస్సు పక్కన నిలబెట్టిన గొట్టంలో ఒకటి మీద ఒకటిగా నూరు ప్రైమర్లుంటాయి. కింద ఒకటి పేలితే మిగతావి అందుకోవచ్చు కనుకనే ఆ గొట్టం చుట్టూ మరో మందమైన లోహపు గొట్టాన్ని కంపెనీ అమర్చింది. ఈ ఏర్పాటును కదిలించే ఏ ఇంటి మార్పుకూ నేను ఒప్పుకోను. గొట్టాల్లోకి ప్రైమర్లను కంపనంతో నింపే ఇంటి యంత్రాలను కొందరు కట్టుకుంటారని విన్నప్పుడు వెన్ను చల్లబడింది. మిత్రుడు ఆ పని చేయలేదు, చేత్తోనే నింపుతారు.

వ్యాపార సంస్థలు మోటారు ప్రెస్సులు అమ్ముతున్నాయి కదా అని అడగవచ్చు. అమ్ముతున్నాయి, కానీ వాటికి పునాది వేరు. డిల్లన్‌దే ఆర్‌ఎల్ 1100 అనే పెద్ద ప్రెస్సులో ఎనిమిది స్థానాలుంటాయి, సైనిక తొడుగుల గుంట అంచును విప్పే ఏర్పాటు లోపలే ఉంటుంది, ప్రైమరు ఎంత లోతుకు దిగాలో మరతో నిర్ణయించవచ్చు. అంటే చేతి స్పర్శ చేసే పనిని ముందే లోహంలోకి దించారు. అటువంటి ప్రెస్సుకు మోటారు నప్పుతుంది. 750ని మనిషి చేతి కోసమే రూపొందించారు. పైగా మోటారు వల్ల దక్కే వేగం కూడా పైకి కనిపించినంత కాదు. నూరు తూటాలకొకసారి ప్రైమరు గొట్టం ఖాళీ అవుతుంది, ఆపి నింపాలి. యంత్రం ఆగినప్పుడల్లా సగం పని జరిగిన తొడుగులు పళ్ళెం మీద ఉంటాయి. మందు రెండుసార్లు పడే అవకాశం ఎక్కువగా ఉండేది సరిగ్గా అప్పుడే, ఇరుక్కున్నదాన్ని సర్దే తొందరలో. ఎక్కువసార్లు ఆగే యంత్రం ఎంత వేగంగా నడిచినా నాకు అక్కరలేదు.

రైఫిలు తూటాల వైపు కట్టిన రెండు పరికరాలను కొంత త్వరగా దాటేస్తాను. ఒకటి, తూకం వేస్తూ చివరి పలుకులను ఒక్కొక్కటిగా రాల్చే మందు యంత్రం. కడ్డీ ఆకారపు రైఫిలు మందు పరిమాణంతో కొలిస్తే అడ్డుపడి హెచ్చుతగ్గులు వస్తాయి. అందుకే దూరపు గురి కావలసినవారు తూకానికి వెళ్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు, మిత్రుడు వాడే ఏ అండ్ డి ఎఫ్‌ఎక్స్-120ఐ త్రాసు 0.02 గ్రెయిన్ల తేడాను చూపిస్తుంది. త్రాసు కొన్నది, పలుకులు రాల్చే గొట్టమూ మోటారూ ఇంటివి. పనితనం నిర్దుష్టం; ఫ్యాను గాలి తగలకుండా పెట్టుకుంటే చాలు. రెండోది, పదేపదే వాడిన రైఫిలు తొడుగుల మెడను వేడిచేసి మెత్తబరిచే యంత్రం. ఇత్తడి నొక్కిన కొద్దీ గట్టిపడుతుంది, కొన్ని వాడకాల తరువాత మెడ చీలుతుంది. సరైన వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. కానీ ఆ వేడి అడుగు భాగానికి పాకితే పీడనాన్ని ఆపవలసిన చోటే మెత్తనైపోతుంది. 308 విన్‌చెస్టర్ అనే రైఫిలు తూటాకు ఆ పీడనం హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మిత్రుడి యంత్రంలో తొడుగును కరెంటుతో వేడిచేసే ఇండక్షన్ చుట్ట సమయం ప్రకారం ఆగుతుంది, ఉష్ణోగ్రతకు రంగు మార్చే పూతతో ప్రతి కొత్త రకం తొడుగుకూ ఆ సమయాన్ని సరిచూస్తారు. ఈ సరిచూడడం చేయని చోట ఈ యంత్రం ఉండకూడదు. 9 మి.మీ. మాత్రమే కాల్చేవారికి దీని అవసరమే లేదు.

నిలవ గురించి కూడా చూశాను, ఎందుకంటే యాంత్రీకరణ వచ్చిన చోట సరుకు కొనే పరిమాణం పెరుగుతుంది. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా పొగరాని మందును దాని అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అంతకు మించితే అంగుళం మందం చెక్క పెట్టె కావాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. మిత్రుడి దగ్గర మందు చెక్క బీరువాలో, ప్రైమర్లు వేరే గోడ వైపు ఉన్నాయి. పని బల్ల మీద ఒక్కసారికి ఒక్క రకం మందు డబ్బా మాత్రమే ఉంటుంది. ఏ డబ్బాలోది ఏ గొట్టంలో పోశామన్న సందేహం రాకుండా ఉండడానికి ఇంతకు మించిన పరికరం లేదు.

ఇక మిగిలినది కెమెరాతో తొడుగుల అడుగున ఉన్న ముద్రలను చదివి, తయారీదారుల వారీగా డబ్బాల్లో వేసే యంత్రం. వృత్తంలో శిలువ గుర్తున్న నాటో తొడుగులను ముందే వేరుచేస్తే, అంచు నొక్కి ఉన్న ప్రైమరు గుంటలు నింపే దశకు రాకుండా ఆపవచ్చు. ముద్ర మసిబారినవాటిని అది ‘తెలియదు’ అనే డబ్బాలో వేస్తుంది, ఊహించి చెప్పదు. ఆ వినయం నాకు నచ్చింది. నెమ్మదిగా నడుస్తుంది, కానీ మనిషి దగ్గర కూర్చోనక్కరలేని పని కనుక వేగంతో పేచీ లేదు.

మోటారు మీద మా వాదన చివరికి ఇద్దరికీ ఆమోదమైన చోట ఆగింది. మీట లాగడంలో భుజాన్ని పట్టేసే బరువంతా దాదాపు మొదటి స్థానానిదే, అంటే తొడుగును కొలతకు నొక్కడానిది. ఆ ఒక్క పనినీ మిగతావాటి నుంచి విడదీస్తే? 750 మీద డైలు, అంటే తొడుగును నొక్కే అచ్చులు, బిగించే తలకట్టు ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆయన ముందుగా ఒక తలకట్టుతో, మందూ ప్రైమర్లూ గదిలో లేకుండా, ఖాళీ తొడుగులను మాత్రమే మోటారుతో నడిపిస్తున్నారు: పాత ప్రైమరు ఊడుతుంది, తొడుగు కొలతకు వస్తుంది. కాస్త లానోలిన్ అనే కందెన చల్లితే మోటారుకూ శ్రమ తగ్గుతుంది. తరువాత వాటిని కడిగి, ఆరబెట్టి, మోటారు విప్పి మీట బిగించి, రెండో తలకట్టుతో చేత్తో నింపుతారు. నొక్కే పని అప్పటికే అయిపోయింది కనుక మీట తేలికగా దిగుతుంది, ప్రైమరు ఆనిక మునుపటికంటె స్పష్టంగా తెలుస్తుంది. మొదటి విడతలో ప్రైమరు గుంటలో ఒకటికి బదులు రెండు రంధ్రాలుండే బెర్డాన్ రకం తొడుగు ఒకటి ఏరివేతను తప్పించుకుని వచ్చి అడ్డుపడినా, అక్కడ వంగేది ప్రైమరు ఊడగొట్టే పిన్ను ఒక్కటే; బల్ల సొరుగులో అలాంటివి ఇంకా డజను ఉన్నాయి.